తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్క: అండమాన్‌లో స్కూబాకు ఎన్ని రోజులు కావాలి?

అండమాన్ వెళ్లే మనవాళ్ల చేతిలో ఎక్కువగా కనిపించేది నాలుగు రాత్రులు, అయిదు పగళ్ల ప్యాకేజీ. దిగినరోజు సెల్యులర్ జైలు. మర్నాడు ఫెర్రీలో హేవ్‌లాక్, సాయంత్రం రాధానగర్ బీచ్. మూడోరోజు పొద్దున్నే స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగుకు దిగే డైవింగ్, మధ్యాహ్నానికి నీల్ దీవి. నాలుగోరోజు వెనక్కి పోర్ట్ బ్లెయిర్, అయిదోరోజు ఇంటికి. కాగితం మీద చూస్తే ఒక్క పూట కూడా వృథా కాలేదు. చిక్కంతా అక్కడే ఉంది. గాలి మారి ఒక్క ఫెర్రీ రద్దయితే చాలు, మూడోరోజు స్కూబా నాలుగోరోజుకు జరుగుతుంది. ఎవరికైనా జలుబు చేస్తే జరపడానికి రోజే ఉండదు కనుక ముక్కు దిబ్బడతోనే నీళ్లలోకి దిగుతారు. డబ్బు ముందే కట్టేశాం కదా అన్న ఆలోచన వెనక నుంచి తోస్తూనే ఉంటుంది.

స్కూబా అనగానే చాలామంది సొరచేపలకు భయపడతారు. డైవింగ్‌లో మనుషులకు నిజంగా ముప్పు తెచ్చేది చాలావరకు తొందర. చెవులు సర్దుకోకముందే కిందికి దిగిపోవడం, గాలి కంగారుగా పీల్చేయడం, గబగబా పైకి తేలడం, ఆ వెంటనే విమానం ఎక్కడం. అందువల్ల దీవిలో తీరిక అనేది డబ్బున్నవాళ్ల సరదా కాదు, డైవింగ్ భద్రతలో అదీ ఒక పరికరమే. ఈ యాత్రకు రోజులు బయలుదేరే తేదీ నుంచి కాకుండా తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

గోలీసోడా లెక్క

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు. మనం పీల్చే మామూలు గాలినే వడకట్టి, తేమ తీసి, 200 బార్ల ఒత్తిడితో నింపుతారు. అందులో 79 శాతం దాకా నైట్రోజనే. నేల మీద అది ఊపిరితో వచ్చి ఊపిరితో పోతుంది. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది కాబట్టి 20 మీటర్ల లోతులో పీల్చే ప్రతి శ్వాసలోనూ పైనున్నప్పటికంటే మూడు రెట్ల నైట్రోజన్ ఉంటుంది. అది రక్తంలోకి, కండరాల్లోకి, కొవ్వులోకి కరుగుతుంది.

నెమ్మదిగా పైకొస్తే కరిగిన నైట్రోజన్ ఊపిరితిత్తుల గుండా మెల్లగా బయటికి పోతుంది. దూకుడుగా వస్తే గోలీసోడా కొట్టినట్టే. సీసాలో అప్పటిదాకా కంటికి కనపడని వాయువు ఒక్కసారిగా బుడగలై పొంగుతుంది. ఆ బుడగలు కీళ్లలో చేరితే నొప్పి, చర్మంలో చేరితే దురద, మచ్చలు, వెన్నుపాములో చేరితే కాళ్లు తిమ్మిరెక్కి పడిపోవడం. దీన్నే డీకంప్రెషన్ జబ్బు అంటారు.

దీనికి మూడు కట్టుబాట్లు ఉన్నాయి. ఒకటి, ప్రతి లోతుకూ ఉండదగ్గ సమయం. డైవింగ్ శిక్షణ ఇచ్చే పాడీ (PADI) సంస్థ పట్టిక ప్రకారం రోజులో మొదటి డైవ్‌కు 12 మీటర్ల దగ్గర 147 నిమిషాలు, 18 మీటర్ల దగ్గర 56, 30 మీటర్ల దగ్గర 20 మాత్రమే. లోతు పెరిగేకొద్దీ గడువు ఎంత నిటారుగా పడిపోతుందో గమనించండి. రెండోసారి దిగేటప్పటికి మొదటి డైవ్ నైట్రోజన్ ఒంట్లో ఇంకా మిగిలే ఉంటుంది గనక ఈ అంకెలు మరింత తగ్గుతాయి. రెండు, పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు దాటకపోవడం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం. మూడు, విమానం. ఎగిరే విమానం లోపలి పీడనం నేల మీద ఉన్నంత ఉండదు, దాదాపు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంత తక్కువగా ఉండొచ్చు. అంటే విమానం ఎక్కడమంటే నీళ్లలోంచి ఇంకా పైకి తేలడమే. డైవింగ్ వైద్యుల సలహా ఏమిటంటే, ఒకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకే రోజు రెండు చేసినా, వరసగా కొన్ని రోజులు చేసినా కనీసం 18 గంటలు విమానానికి దూరంగా ఉండాలి. చేయి తిరిగిన డైవర్లు 24 గంటలు పాటిస్తారు. ఆ ఆరు గంటలు మిగుల్చుకుని సాధించేదేమీ లేదు.

విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నడిచే ప్రయాణికుల ఓడలో తిరిగొచ్చేవాళ్లకు ఈ లెక్కే అక్కర్లేదు. రెండున్నర రోజుల ప్రయాణమంతా సముద్రమట్టం మీదే. అయితే ఆ ఓడ నెలకు దాదాపు ఒక్కసారే నడుస్తుంది, తేదీలు ముందుగా చేతికి రావు. సెలవు కొలిచి ఇచ్చే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు అది కుదిరే బేరం కాదు.

ఇప్పుడు వెనక్కి లెక్కపెడదాం. విమానం ఎనిమిదోరోజు పొద్దున అనుకుంటే, ఏడోరోజు ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ చేరి అక్కడే పడుకోవాలి. విమానం రోజునే హేవ్‌లాక్ నుంచి ఫెర్రీ పట్టుకోవాలనుకోవడం జూదం. ఆరోరోజు సముద్రానికి వదిలేయాలి, అంటే గాలివాన వల్ల పోయిన రోజును భర్తీ చేయడానికి. ఏ గాలీ రాకపోతే అది ఉయ్యాలలో ఊగే రోజు. మూడు, నాలుగు, అయిదు రోజులు డైవింగ్‌కు. రెండోరోజు హేవ్‌లాక్ చేరడం, మొదటిరోజు దిగడం. మొత్తం ఏడు రాత్రులు. ఇంతకంటే తక్కువ రోజులుంటే దీవుల సంఖ్య తగ్గించుకోవాలి గానీ ఖాళీ రోజును తీసేయకూడదు. నీల్, బారాటాంగ్, రాస్ అన్నీ చూడాలనుకుంటే స్కూబాను వచ్చే యాత్రకు పెట్టుకోవడమే తెలివి. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత డైవింగ్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

ఖాళీ రోజు ఎందుకో 2016 డిసెంబరు చెప్పింది. వార్దా తుపానుగా మారిన వాయుగుండం అండమాన్ మీదుగా కదిలినప్పుడు ఫెర్రీలు ఆగిపోయి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది.

హేవ్‌లాక్ నీళ్లు ఎందుకు తేటగా ఉంటాయి

విశాఖ రుషికొండ దగ్గరా స్కూబా చేయిస్తారు. కానీ మన తీరంలో గోదావరి, కృష్ణ మొదలు ఒడిశా మహానది దాకా పెద్ద నదులన్నీ ఒండ్రుమట్టి తెచ్చి బంగాళాఖాతంలో కలుపుతాయి. అండమాన్‌లో అలాంటి పెద్ద నదులు లేవు. పైగా చాలా దీవుల్లో అడవి తీరం దాకా దిగి మట్టిని పట్టి ఉంచుతుంది. అందుకే మంచి కాలంలో హేవ్‌లాక్ చుట్టూ 15 నుంచి 30 మీటర్ల దూరం వరకు కంటికి ఆనుతుంది. నీటి వేడి 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది, మూడు మిల్లీమీటర్ల వెట్‌సూట్ సరిపోతుంది.

కాలం విషయానికొస్తే, జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మే చివర నైరుతి గాలులు మొదలయ్యాక పడవలు దూరపు పగడపు దిబ్బలకు వెళ్లలేవు. అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో డైవింగ్ సాగుతుంది గానీ అవి తుపాన్ల నెలలు కూడా. క్రిస్మస్ సెలవుల్లో ధరలు, రద్దీ రెండూ పెరుగుతాయి. సంక్రాంతి దాటాక వెళ్లడం అన్నిటికంటే నయం.

నెల తేల్చుకున్నాక తిథి కూడా చూసుకోవాలి. ఇది ముహూర్తం సంగతి కాదు. అమావాస్య, పౌర్ణమిల చుట్టూ ఆటుపోట్లు పెద్దవి. నీరు ఎక్కువగా పొంగి ఎక్కువగా తీస్తుంది, దీవుల మధ్య ప్రవాహం బలంగా సాగుతుంది, అడుగున ఇసుక లేచి నీరు మసకబారుతుంది. అష్టమి మొదలు ఏకాదశి దాకా పోటు చిన్నది, ప్రవాహం మందం. మొదటిసారి దిగేవాళ్లకు ఆ రోజులే అనువు. గోడ మీది పంచాంగం క్యాలెండర్ ఇంత సూటిగా పనికొచ్చే సందర్భాలు ఈ రోజుల్లో తక్కువే.

గడియారం కూడా ఒక తిరకాసు పెడుతుంది. భారత కాలమానాన్ని లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ పక్కగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ ఉన్నది 92.7 డిగ్రీల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు దాదాపు 41 నిమిషాలు ముందుంటాడు. శీతాకాలంలో సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. అందుకే డైవింగ్ పడవలు ఏడింటికల్లా కదులుతాయి. తొమ్మిదింటికి టిఫిన్ చేసి నింపాదిగా బయలుదేరదామనుకునేవాళ్లకు మంచి నీళ్లు, మంచి వెలుతురు రెండూ దక్కవు.

పేర్ల దగ్గర తికమక పడకండి. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు, మనుషుల నోళ్లలో పాత పేర్లు. ఫెర్రీ ఎక్కేచోటు కూడా రెండు రకాలు. ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, ప్రైవేటువి హాడో రేవు నుంచి. ఒకదానికి బదులు ఇంకొకదానికి వెళ్లి పడవ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. హేవ్‌లాక్‌కు ప్రైవేటు పడవలో గంటన్నర, ప్రభుత్వ పడవలో రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. భాష గురించి మనవాళ్లకు బెంగ అక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో 13 శాతం మందికి పైగా తెలుగు మాతృభాష.

చెవులు: మొదటి మూడు మీటర్లు

తిరుమల ఘాట్ రోడ్డులో కొండ దిగుతుంటే చెవులు దిబ్బడ వేస్తాయి. ఏడువందల మీటర్ల చిల్లర ఎత్తు దిగినప్పుడు పెరిగే ఒత్తిడి అది. నీళ్లలో అంత ఒత్తిడి పెరగడానికి మీటరు లోతు కూడా అక్కర్లేదు. బస్సు అరగంటకు పైగా తీసుకున్న పనిని డైవర్ శరీరం రెండు మూడు సెకన్లలో చేయాలి. ఒత్తిడి మార్పు అన్నిటికంటే ఎక్కువగా తగిలేది పది మీటర్ల అడుగున కాదు, పై మూడు మీటర్లలోనే.

ముక్కు రంధ్రాలు మూసి, నోరు మూసి, మెత్తగా గాలి వదిలితే చెవిలో చిన్నగా టక్కుమంటుంది. నీళ్లలోకి జారకముందే ఒకసారి, ఆ తర్వాత ప్రతి అర మీటరుకు ఒకసారి ఇలా చేయాలి. నొప్పి మొదలయ్యాక చేద్దామనుకుంటే ఆలస్యమైనట్టే. గొంతును చెవికి కలిపే సన్నని గొట్టం ఒత్తిడికి నొక్కుకుపోయి తలుపు వేసుకున్నట్టు బిగుసుకుంటుంది. అప్పుడు బలంగా ఊదితే కర్ణభేరికి, లోపలి చెవికి దెబ్బ. ఒక మీటరు పైకి వచ్చి, మళ్లీ మెత్తగా ప్రయత్నించి, తెరుచుకున్నాకే దిగాలి. తలకిందులుగా కాకుండా కాళ్లు కిందికి పెట్టి, తాడు పట్టుకుని దిగితే పని తేలిక.

జలుబు ఉంటే దిగకూడదు. ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రో చుక్కలో వేసుకుని దిగితే ఇంకో ప్రమాదం ఉంది. మందు పనితనం నీళ్ల అడుగునే అయిపోతే, పైకి వచ్చేటప్పుడు చెవిలో, సైనస్‌లో చిక్కిన గాలి వ్యాకోచిస్తూ బయటికి దారి లేక నొక్కుతుంది. కిందికి పోకుండా ఉండిపోవచ్చు గానీ పైకి రాకుండా ఉండిపోలేం కదా.

మాస్క్‌కూ ఇదే సూత్రం. దిగేకొద్దీ మాస్క్ లోపలి గాలి కుంచించుకుని ముఖాన్ని పీలుస్తుంది. ముక్కుతో కాస్త గాలి వదిలితే సరి. వదలకపోతే కళ్లలో ఎర్రటి రక్తపు మరకలు తేలతాయి. చూడ్డానికి భయంకరంగా ఉన్నా అవి చాలావరకు వాటంతటవే పోతాయి. మాస్క్ కారుతోందని పట్టీ బిగించడం అందరూ చేసే పొరపాటు. కారడానికి అసలు కారణం సాధారణంగా అంచు కింద ఇరుక్కున్న జుట్టు, లేదా మీసం. జడ వేసుకుని నుదుటి వెంట్రుకలు వెనక్కి దువ్వుకోవాలి. మీసమున్నవాళ్లు పైపెదవి దగ్గర కొంచెం వాజెలిన్ రాస్తారు. దృష్టిలోపం ఉంటే పవర్ అద్దాల మాస్క్ ఉందేమో ముందురోజే అడగాలి.

ఒక సిలిండర్‌లో ఎంతసేపు

ఎక్కువగా వాడే అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం 11 లీటర్ల పైచిలుకు. 200 బార్లు నింపితే దాదాపు 2,200 లీటర్ల గాలి. 50 బార్లు అత్యవసరానికి వదిలేస్తే వాడుకోదగ్గది 1,650 లీటర్లు. 12 మీటర్ల దగ్గర పీడనం 2.2 రెట్లు. కంగారులో నిమిషానికి 25 లీటర్లు పీల్చే కొత్తవాళ్లు అక్కడ 55 లీటర్లు ఖర్చు చేస్తారు, అరగంటలో గాలి అయిపోతుంది. కుదురుగా 14 లీటర్లతో సరిపెట్టుకునే అనుభవజ్ఞులకు అదే సిలిండర్ 53 నిమిషాలు వస్తుంది. చేతులతో ఈదకుండా, కాళ్లకు తొడిగే ఫిన్స్‌ను తుంటి నుంచి నిదానంగా ఆడిస్తూ, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదిలితే ఈ తేడా వస్తుంది.

ఆ గాలికి బరువు కూడా ఉందన్న సంగతి చాలామందికి తట్టదు. 2,200 లీటర్ల గాలి రెండున్నర కిలోలకు పైనే తూగుతుంది. డైవ్ చివరికి అది చాలావరకు ఖర్చయ్యేసరికి సిలిండర్ తేలడం మొదలెడుతుంది. సరిగ్గా సేఫ్టీ స్టాప్ దగ్గర, అయిదు మీటర్ల లోతులో నిలకడగా ఆగాల్సినప్పుడే మనిషి పైకి కొట్టుకుపోతాడు. అందుకే నడుముకు కట్టే సీసం బరువును దాదాపు ఖాళీ అయిన సిలిండర్‌తో సరిచూసుకోవాలి. గాలి నింపుతూ, తీస్తూ తేలడాన్ని సర్దుకునే బీసీడీ జాకెట్‌లో గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పట్టి నిలబడితే నీటిమట్టం కళ్ల దగ్గర ఉండాలి.

బరువు ఎక్కువైతే ఏమవుతుందంటే, మునిగిపోకుండా జాకెట్‌లో ఎక్కువ గాలి నింపాల్సి వస్తుంది. 20 మీటర్ల దగ్గర నింపిన నాలుగు లీటర్లు 10 మీటర్లకు వచ్చేసరికి ఆరు లీటర్లు, నీటిపైకి వచ్చేసరికి పన్నెండు. పైకి వచ్చేకొద్దీ అది ఇంకా వేగంగా పైకి లాగుతుంది. మధ్యమధ్యలో గాలి వదలడం మరిచినవాళ్లు బాణంలా తేలతారు. ఆ వేగంలో ఊపిరి బిగబడితే ఊపిరితిత్తుల్లోని గాలీ అలాగే ఉబ్బుతుంది. నిండా పీల్చి బిగబట్టినవాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతినడానికి మీటరున్నర లోతు నుంచి లేచినా చాలు. స్కూబాలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదన్నది మొదటి పాఠం కావడానికి ఇదే కారణం.

పడవ మీద బిగించుకున్నాక ఒక చిన్న పరీక్ష. సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని ప్రెషర్ గేజ్ చూస్తూ నాలుగుసార్లు పీల్చండి. ముల్లు కదలకుండా నిలబడాలి. ప్రతి శ్వాసకూ కిందికి పడి మళ్లీ లేస్తుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదన్నమాట. పైన శ్వాస ఆడుతుంది, లోతులో ఆడదు. గాలికి నూనె వాసనో పెట్రోలు పొగ వాసనో ఉంటే ఆ సిలిండర్ వద్దనండి. వాల్వ్ దగ్గర సన్నగా బుస్సుమంటుంటే సాధారణంగా ఓ-రింగ్ పోయి ఉంటుంది. రూపాయల్లో వచ్చే రబ్బరు ఉంగరమే, కానీ అది మార్చకుండా దిగకూడదు.

ట్రై డైవా, కోర్సా

ఈత రానివాళ్లు కూడా చేయొచ్చని చెప్పి చేయించేది ట్రై డైవ్. అరగంట నేర్పి, ఇన్‌స్ట్రక్టర్ వెనకనుంచి సిలిండర్ పట్టుకుని నడిపిస్తారు. ఈ రకం డైవ్‌కు పాడీ పెట్టిన హద్దు 12 మీటర్లు. దీనికంటే కాస్త ఎక్కువ రోజులున్నవాళ్లకు ఓపెన్ వాటర్ కోర్సు మేలు. మూడు నాలుగు రోజులు, థియరీ, నిలకడ నీటిలో అభ్యాసం, సముద్రంలో నాలుగు డైవ్‌లు. కనీస వయసు పదేళ్లు. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. పాసైతే 18 మీటర్ల దాకా, అడ్వాన్స్‌డ్ చేస్తే 30 మీటర్ల దాకా. ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో థియరీ ముగించుకుని వెళ్తే దీవిలో ఒక రోజు కలిసొస్తుంది.

ట్రై డైవ్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. దాని లోపం వేరే చోట ఉంది. మనిషికి ఇన్ని నిమిషాలని లెక్కగట్టి, అందులో సగం ఫొటోలకూ వీడియోకూ పోయే చోట చెవులు సర్దుకోవడానికి సమయం ఎవరూ ఇవ్వరు. ఇంకో తమాషా కూడా ఉంది. కెమెరా చూడగానే బొటనవేలు పైకెత్తడం మనకు అలవాటు. డైవర్ల భాషలో దానికి అర్థం పైకి పోదామని. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. చెవి నొప్పి అయితే అరచేతిని అటూ ఇటూ ఊపి చెవిని చూపించాలి. ఈ మూడు సైగలు రాకుండా నీళ్లలోకి దిగకూడదు.

డైవ్ షాపును ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది? ట్రై డైవ్‌లో ఈత రానివాళ్లకైతే ఒకరికి ఒకరే ఉండాలి. పడవలో ఆక్సిజన్ కిట్ ఉందా, దాన్ని చూపిస్తారా? సర్టిఫైడ్ డైవర్లందరికీ విడివిడిగా లోతు, సమయం లెక్కపెట్టే డైవ్ కంప్యూటర్ ఇస్తారా? ఆరోగ్య ప్రశ్నావళిని చదవనిచ్చి సంతకం పెట్టిస్తారా, లేక అన్నిటికీ లేదని కొట్టేసి ఇవ్వమంటారా? ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తి ముడుచుకుపోయిన చరిత్ర ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే డాక్టర్ కాగితం తీసుకుని వెళ్లాలి. గర్భిణులు దిగకూడదు. సముద్రం బాగాలేదని డైవ్ మానేయించే షాపు మీద కోపం వస్తుంది గానీ, నమ్మదగ్గది అదే.

ఎక్కడ దిగాలన్నదానికీ ఒక వరస ఉంది. హేవ్‌లాక్‌లో బీచ్ నంబర్ 2 దగ్గరి నెమో రీఫ్‌లోకి ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు, మొదటి పాఠం అక్కడ. తర్వాత అక్వేరియం, లైట్‌హౌస్ లాంటి తక్కువ లోతు దిబ్బలు. జెట్టీకి దగ్గర్లోని ‘వాల్’ అనే చోట దిబ్బ అంచు ఒక్కసారిగా లోతులోకి పడిపోతుంది, లోతు గేజ్ మీద కన్నుంచాలి. జానీస్ గోర్జ్, డిక్సన్స్ పినాకిల్ సుమారు 30 మీటర్ల దాకా పోతాయి. స్నాపర్లు, ట్రెవల్లీలు, బారకూడాలు గుంపులు గుంపులుగా కనపడేది అక్కడే, ప్రవాహం బలంగా ఉండేదీ అక్కడే. అడ్వాన్స్‌డ్ స్థాయి, పాతిక డైవ్‌ల అనుభవం లేనివాళ్లు ఆ పేర్లు విని ఆశపడకపోవడం మంచిది.

ముట్టుకోకూడనివి

పగడం రాయిలా కనపడుతుంది గానీ బతికున్న జీవుల కాలనీ. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలే వాటికి రంగూ తిండీ. నీరు మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే పగడాలు ఆ శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబారతాయి. అండమాన్‌లో 2010 వేసవిలో ఇది తీవ్రంగా జరిగింది. తక్కువ లోతు దిబ్బల్లో ఇప్పటికీ కనపడే బూడిదరంగు కొమ్మల గుట్టల్లో ఆనాటివీ ఉన్నాయి. ఇంటర్నెట్ రంగుల ఫొటోలు చూసి వెళ్లినవాళ్లు స్నార్కెలింగ్‌లో నిరాశపడేది ఇందుకే. ఆరోగ్యంగా ఉన్న దిబ్బలు కొంచెం లోతులో, చల్లని నీటి ప్రవాహం తగిలే చోట్ల ఉన్నాయి.

సముద్రంలో దేన్నీ పట్టుకోకపోతే ఏదీ మనల్ని పట్టుకోదు. రాతి చేప రాయిలో రాయిలా కూచుంటుంది, దాని మీద అడుగు వేస్తేనే ముళ్లు గుచ్చుతుంది. లయన్‌ఫిష్, సముద్రపు ముళ్లకాయ కూడా అంతే. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడినీటిలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. ఆ విషం వేడికి చెడిపోతుంది. ఐసు పెట్టడం పొరపాటు. టైటన్ ట్రిగర్‌ఫిష్ ఒక్కటి గూడు కాపలా కాసేటప్పుడు తనే వెంటపడుతుంది. గూటి నుంచి పైకి గరాటులా వెడల్పయ్యే జాగా అంతా తనదే అనుకుంటుంది గనక పైకి కాకుండా పక్కకు ఈదాలి. ఉప్పునీటి మొసళ్లు కూడా ఈ దీవుల్లో ఉన్నాయి. 2010లో రాధానగర్ పక్కనున్న తీరంలో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. మడ అడవుల వాగులు కలిసే చోట, చీకటి వేళ నీళ్లలోకి దిగవద్దు, హెచ్చరిక బోర్డు ఉన్నచోట అసలే వద్దు.

విరిగి ఒడ్డున పడిన పగడపు ముక్క అయినా సంచిలో వేసుకోకూడదు. దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. విమానాశ్రయంలో సామాన్లు తనిఖీ చేస్తారు.

ఏమీ చేయని రోజు

హేవ్‌లాక్ బెంగాలీ దీవి. 1950లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులను ఇక్కడ స్థిరపరిచారు. గోవింద నగర్, విజయ నగర్, కృష్ణ నగర్ అన్న ఊరి పేర్లు అప్పటివే. నీల్‌లో పేర్లు ఇంకా ముచ్చటగా ఉంటాయి, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. బజారులో సన్నగా తరిగిన బంగాళదుంప వేపుడుతో చేపల పులుసు భోజనం చవగ్గా దొరుకుతుంది.

బీచ్ నంబర్ 5 వైపు గది తీసుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పాటు సమయంలో నీరు చాలా దూరం వెనక్కి పోయి కోసుకునే రాళ్లు బయటపడతాయి, ఈత కుదరదు. ఈతకు రాధానగర్, పోటు సమయంలో కాలాపత్థర్. లక్ష్మణ్‌పూర్ రాతి వంతెన దగ్గరికి మాత్రం పాటు ఉన్నప్పుడే నడవాలి, కాలికి రబ్బరు అడుగున్న చెప్పులు ఉండాలి. సూర్యాస్తమయానికి ఇసుక ఈగలు లేస్తాయి. కుట్టినప్పుడు తెలీదు, మర్నాడు దద్దుర్లతో తెలుస్తుంది. కొబ్బరినూనె రాసుకుంటే కొంత ఆపుతుంది.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక నెట్‌వర్క్ మెరుగైంది గానీ నగదు కొంత దగ్గరుంచుకోవాలి. నీళ్లు బాగా తాగాలి. ఒంట్లో నీరు తగ్గినా, రాత్రి మందు ఎక్కువైనా నైట్రోజన్ బయటికి పోవడం మందగిస్తుంది. మామూలు ప్రయాణ బీమాలో స్కూబా కలిసి ఉండకపోవచ్చు, పాలసీలో ఆ పదం వెతికి చూసుకోవాలి.

చివరి డైవ్ తర్వాత వచ్చే ఆ 24 గంటలు ఒంటిని గమనించుకోవాల్సిన గంటలు కూడా. డీకంప్రెషన్ లక్షణాలు చాలావరకు మొదటి ఆరు గంటల్లో, దాదాపు అన్నీ ఒక రోజులోపే బయటపడతాయి. భుజంలోనో మోచేతిలోనో లోతుగా సలిపే నొప్పి, మామూలుకు మించిన అలసట, తిమ్మిరి, తల తిరగడం, మూత్రం రాకపోవడం కనిపిస్తే సిలిండర్ మోసిన నొప్పిలే అని జండూబామ్ రాసుకుని పడుకోకూడదు. మళ్లీ నీళ్లలోకి దిగి సరిచేసుకుందామనీ అనుకోకూడదు. డైవ్ షాపుకు ఫోన్ చేసి ఆక్సిజన్ పెట్టించుకోవాలి, పడుకోబెట్టాలి, స్పృహలో ఉంటే నీళ్లు తాగించాలి, విమానం టికెట్ మార్చుకోవాలి. నయం చేసే పీడన చాంబర్ చిన్న దీవుల్లో ఉండదు కాబట్టి ప్రతి గంటా లెక్కే. డాక్టర్ మొదట అడిగేవి ఎన్ని డైవ్‌లు, ఎంత లోతు, ఎంతసేపు, నీళ్లలోంచి ఎన్నింటికి బయటికొచ్చారు. ఆ నాలుగూ డైవ్ కంప్యూటర్‌లో ఉంటాయి. అద్దెది అయితే తిరిగి ఇచ్చేసేముందు తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.